గారపళ్ళ నేలలో ఫ్లోరైడ్ పేస్టు: పదిహేడేళ్ళ పళ్ళకు అది మందా, విషమా?

మా చెల్లెలి కూతురు ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. మొన్న సెలవుల్లో వచ్చినప్పుడు, రాత్రి పడుకోబోయే ముందు మా పేస్టు ట్యూబు పట్టుకుని హాల్లోకి వచ్చింది. "మామయ్యా, ఇందులో ఫ్లోరైడ్ ఉంది. నాన్న చూస్తే ఊరుకోరు" అంది. ట్యూబు వెనక చీమ తలకాయంత అక్షరాలు. కళ్ళజోడు పెట్టుకుని చదివాను. సోడియం మోనోఫ్లోరోఫాస్ఫేట్ ఉందనీ, ప్యాక్ చేసినప్పుడు ఫ్లోరైడ్ 1000 పీపీఎంకు (అంటే పది లక్షల పాళ్ళలో వెయ్యి పాళ్ళకు) మించదనీ రాసి ఉంది.

వాళ్ళ నాన్నది నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు పల్లె. ఆయన ముందు పళ్ళ మీద అడ్డంగా గోధుమరంగు చారలుంటాయి. పెళ్ళి ఫొటోల్లో ఒక్కదాంట్లోనూ ఆయన నోరు తెరిచి నవ్వలేదు. ఫ్లోరైడ్ ఏం చేస్తుందో ఆయనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. "మా ఊరి నడుములు వంచిన విషాన్ని డబ్బులిచ్చి కొని నోట్లో పెట్టుకోవాలా?" అని అడుగుతాడు. అమ్మాయికేమో కింది దవడ పళ్ళు రెండు పుచ్చాయి. సిమెంటు పెట్టిన డాక్టరమ్మ ఫ్లోరైడ్ పేస్టే వాడమంది. ఈలోగా ఇంటి వాట్సాప్ గ్రూపులో ఒక సందేశం తిరుగుతోంది: అమెరికాలోనే ఫ్లోరైడ్‌ను తీసేస్తున్నారట, మనం ఇంకా తోముకుంటున్నామట.

ముగ్గురి మాటలోనూ నిజం ఉంది. కాకపోతే తండ్రి చెబుతున్నది తన చిన్నప్పుడు తాగిన బావి నీళ్ళ గురించి. డాక్టరమ్మ చెబుతున్నది కూతురి పంటి పైపొర గురించి. వాట్సాప్ సందేశంలో ఉన్నది అమెరికా మునిసిపాలిటీ కుళాయి గురించి. ఈ మూడింటినీ విడదీసి చూస్తే తప్ప చిక్కు వీడదు.

పన్ను పుచ్చేటప్పుడు జరిగేది

పన్నుకు పురుగు పట్టిందంటాం. పంట్లోంచి పురుగు తీసి అరచేతిలో వేసి చూపించేవాళ్ళు ఒకప్పుడు సంతల్లో ఉండేవారు. నిజానికి అక్కడ పురుగేమీ ఉండదు, ఉండేది ఆమ్లం. పంటి పైపొరను ఎనామిల్ అంటారు. మన ఒంట్లో ఎముక కంటే కూడా గట్టిది అదే. అంత గట్టిదీ ఆమ్లానికి కరుగుతుంది. పళ్ళ మీద పేరుకునే మెత్తని పాచిలో సూక్ష్మజీవులు కాపురముంటాయి. వాటిలో పేరుమోసినది స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్. మనం తిన్న చక్కెరను అవి తిని, ఆమ్లాన్ని వదులుతాయి.

ఆమ్లతను పీహెచ్ అనే అంకెతో కొలుస్తారు. 7 అంటే పులుపూ కాదు, క్షారమూ కాదు. అంకె తగ్గేకొద్దీ పులుపు పెరుగుతుంది. పంటి మీద పీహెచ్ సుమారు 5.5కు దిగితే ఎనామిల్‌లోని కాల్షియం, ఫాస్ఫేట్ బయటికి పోవడం మొదలవుతుంది. కాసేపటికి లాలాజలం ఆ పులుపును విరిచి, పోయినదాంట్లో కొంత తిరిగి తెచ్చి పెడుతుంది. ఈ జమాఖర్చు రోజంతా నడుస్తూనే ఉంటుంది. నెలల తరబడి ఖర్చే ఎక్కువైతే ముందు సున్నం రాసినట్టు తెల్లటి మచ్చ పడుతుంది, తర్వాత గుంట పడుతుంది. తెల్ల మచ్చ దశలో పన్ను కోలుకోగలదు. గుంట పడితే మాత్రం తిరిగి పూడదు.

1940లలో రాబర్ట్ స్టీఫన్ అనే అమెరికన్ పరిశోధకుడు చక్కెర తగిలాక పాచిలో పీహెచ్ ఎలా మారుతుందో కొలిచి గీత గీశాడు. కొద్ది నిమిషాల్లోనే గీత నిట్టనిలువునా పడిపోతుంది. తిరిగి లేవడానికి అరగంట నుంచి గంట పడుతుంది. ఇది తెలిస్తే హాస్టల్ పిల్లల పళ్ళ గురించి సగం తెలిసినట్టే. ఇద్దరు అమ్మాయిల దగ్గర ఆరేసి క్రీము బిస్కెట్లున్నాయనుకుందాం. ఒకమ్మాయి మధ్యాహ్నం అన్నం తిన్న వెంటనే ఆరూ తినేసింది. ఆమె పళ్ళు ఒక్కసారి పులుపులో మునిగి, సుమారు ముప్పావు గంటకు తేలాయి. రెండో అమ్మాయి రాత్రి 8 నుంచి చదువుకుంటూ అరగంటకొకటి చొప్పున తింది. గీత పైకి లేవబోయిన ప్రతిసారీ మరో బిస్కెట్ దాన్ని కిందికి తొక్కింది. చివరిది పదిన్నరకు తిన్నదనుకుంటే, పదకొండు దాటేదాకా, అంటే మూడు గంటలకు పైగా ఆమె పళ్ళు పులుపులోనే నానాయి. ఇద్దరూ తిన్న చక్కెర ఒకటే. పన్ను మాత్రం తిన్న బరువును లెక్కపెట్టదు, తిన్న సార్లను లెక్కపెడుతుంది.

ఈ వయసులోనే ఎందుకు

పాల పళ్ళు పుచ్చితే "ఎలాగూ ఊడేవేగా" అంటాం. పెద్దవాళ్ళ పళ్ళు పుచ్చితే వయసు మీదికి తోసేస్తాం. మధ్యలో పదమూడు నుంచి పంతొమ్మిది ఏళ్ళ వాళ్ళను ఆరోగ్యవంతులకింద జమకట్టి వదిలేస్తాం. కానీ శాశ్వత దవడ పళ్ళలో మొదటివి ఆరేళ్ళ ప్రాంతంలో, రెండోవి పన్నెండేళ్ళ ప్రాంతంలో వస్తాయి. కొత్తగా చిగురు చీల్చుకుని వచ్చిన పంటి ఎనామిల్ ఇంకా పచ్చిగా ఉంటుంది. లాలాజలంలోని ఖనిజాలు ఇంకి అది పూర్తిగా గట్టిపడటానికి కొన్నేళ్ళు పడుతుంది. సరిగ్గా ఆ ఏళ్ళలోనే పిల్లలు హాస్టల్‌కు వెళతారు, చేతిలో సొంత డబ్బులుంటాయి, తోమావా అని అడిగేవాళ్ళు దగ్గర ఉండరు.

దీనికి యవ్వనపు హార్మోన్లు తోడవుతాయి. పాచి కొంచెమే ఉన్నా చిగుళ్ళు ఉబ్బి, బ్రష్షు తగలగానే రక్తం వస్తుంది. రక్తం వచ్చిందని పిల్లలు ఆ చోటు వదిలేసి తోముతారు. వదిలేసిన చోట పాచి ఇంకా పేరుకుని, చిగుళ్ళు ఇంకా ఉబ్బుతాయి. ఇక పళ్ళకు క్లిప్పులు వేయించుకున్నవాళ్ళ సంగతి. తీగల కింద బ్రష్షు దూరదు. రెండేళ్ళకు క్లిప్పులు తీసి చూస్తే పళ్ళు వరసలోకి వచ్చి ఉంటాయి, ప్రతి పంటి మీదా క్లిప్పు ఉన్న చోటు చుట్టూ చట్రం గీసినట్టు తెల్లటి మచ్చ ఉంటుంది. వేల రూపాయలు పోసి కట్టించుకున్న నవ్వు మీద ఆ మచ్చలు చూస్తే ఎవరికైనా ఉసూరుమంటుంది.

మన అలవాటులో మరో తిరకాసు ఉంది. పొద్దున పాచి నోటితో కాఫీ తాగడం మనకు దాదాపు తప్పు కింద లెక్క. రాత్రి తోముకోకుండా పడుకోవడం మాత్రం ఎవరికీ తప్పనిపించదు. పళ్ళ వైపు నుంచి చూస్తే రాత్రి తోముడే ముఖ్యం. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది కాబట్టి పులుపును విరిచేది ఏదీ ఉండదు.

పైపూతగా ఫ్లోరైడ్ చేసే పని

ఎనామిల్ నుంచి ఖనిజాలు పోయి, తిరిగి చేరే సమయంలో అక్కడ కాస్త ఫ్లోరైడ్ ఉంటే రెండు మేళ్ళు జరుగుతాయి. ఖనిజాలు తిరిగి చేరే పని చురుకవుతుంది. పైగా అలా చేరిన కొత్త పొర పాతదాని కంటే మొండిది. పాతది 5.5 దగ్గర కరిగితే, ఫ్లోరైడ్ చేరినది సుమారు 4.5 దాకా తట్టుకుంటుంది.

ఫ్లోరైడ్ కడుపులోకి వెళ్ళి, రక్తంలో కలిసి, పన్ను తయారయ్యేటప్పుడే దాన్ని గట్టిపరుస్తుందని ఒకప్పుడు నమ్మేవారు. 1980ల నుంచి ఆ అవగాహన మారింది. దాని మేలులో ఎక్కువ భాగం నోట్లో, పంటి మీద, పైపూతగా పనిచేయడం వల్లే వస్తుందని తేలింది. ఈ వ్యాసంలో ఒక్క వాక్యమే గుర్తుంటుందంటే ఇది గుర్తుండాలని నా కోరిక. ఎందుకంటే మేలు పంటి పైన జరిగితే, కీడు మింగడం వల్ల జరుగుతుంది. రెండు దారులూ వేరు.

తోమాక చెంబెడు నీళ్ళతో గలగలా పుక్కిలించడం మనకు తృప్తిగా ఉంటుంది. ఆ నీళ్ళతోపాటే పంటి మీద నిలవాల్సిన ఫ్లోరైడ్ కూడా సింకులోకి పోతుంది. నురుగు ఉమ్మేసి ఊరుకోమని దంతవైద్యులు చెప్పడం వెనక ఉన్న కారణం అదే.

మరి గారపళ్ళు ఎలా వచ్చాయి

1901లో ఫ్రెడరిక్ మెకే అనే కుర్ర దంతవైద్యుడు అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌లో ప్రాక్టీసు పెట్టాడు. ఆ ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళ పళ్ళ మీద గోధుమరంగు మచ్చలు చూసి ఆశ్చర్యపోయాడు. ఆ మచ్చల పళ్ళు అంత త్వరగా పుచ్చడం లేదని తర్వాత గమనించి మరింత ఆశ్చర్యపోయాడు. కారణం నీళ్ళలోని ఫ్లోరైడ్ అని 1931లో చర్చిల్ అనే రసాయన శాస్త్రవేత్త పట్టుకున్నాడు. అంటే మందు సంగతి, విషం సంగతి మొదటి నుంచీ ఒకే కథలో ఉన్నాయి.

మన కథ ఇంకా చేదు. ఫ్లోరైడ్ మితిమీరి ఒంట్లోకి వెళ్ళడం వల్ల పళ్ళకూ ఎముకలకూ వచ్చే జబ్బును ఫ్లోరోసిస్ అంటారు. 1937లో షార్ట్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు మద్రాసు ప్రెసిడెన్సీలో ఫ్లోరోసిస్ గురించి ప్రకటించిన పరిశోధన ఈ జబ్బుపై భారతదేశంలో తొలి నివేదికల్లో ఒకటి. వాళ్ళు చూసినది అప్పటి నెల్లూరు జిల్లా పల్లెలను. పళ్ళ మచ్చలతో ఆగలేదు, వెన్ను బిగుసుకుపోయినవాళ్ళు కూడా అక్కడ కనిపించారు. నల్లగొండ పేరు ఆ తర్వాత మారుమోగింది. అక్కడి గ్రానైటు రాళ్ళలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నెమ్మదిగా భూగర్భ జలంలోకి దిగుతుంది. వాన తక్కువ, బోర్లు లోతు. ఆ నీళ్ళలో ఫ్లోరైడ్‌ను తగ్గించడానికి నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో రూపొందించిన పద్ధతికి పేరే నల్లగొండ టెక్నిక్. దేశదేశాల పాఠ్యపుస్తకాల్లో ఆ ఊరి పేరు అలా ఎక్కింది. ఇటీవలి సంవత్సరాల్లో మిషన్ భగీరథ ద్వారా అక్కడికి కృష్ణా జలాలు వస్తున్నాయి.

పంటి మీద మచ్చ పడటానికి ఒక గడువు ఉంది. దవడ ఎముక లోపల పన్ను తయారవుతున్నప్పుడు ఎనామిల్‌ను అల్లే కణాలు మితిమీరిన ఫ్లోరైడ్ వల్ల పని సరిగా చేయలేవు. ఆ లోపం పన్ను బయటికి వచ్చాక కనిపిస్తుంది. మొదట సుద్దముక్కలా తెల్లగా ఉండి, తర్వాత గోధుమరంగు పట్టుకుంటుంది. జ్ఞానదంతాలు తప్ప మిగతా శాశ్వత పళ్ళ పైభాగాలన్నీ సుమారు ఎనిమిదేళ్ళ వయసుకే తయారైపోతాయి. ఆ తర్వాత ఏ ఫ్లోరైడ్ తగిలినా వాటికి కొత్తగా గార పట్టదు. మా బావగారి పళ్ళను పాడుచేసినవి ఆయన ఎనిమిదేళ్ళలోపు తాగిన నీళ్ళు. పదిహేడేళ్ళ కూతురికి ఆ తలుపు ఎప్పుడో మూసుకుపోయింది.

ఎముకలకు మాత్రం ఇలాంటి గడువు లేదు. ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే ఏ వయసులోనైనా ఎముకల్లో పేరుకుంటుంది. ఇంకో మాట. గారపళ్ళు పుచ్చవనే నమ్మకం కూడా సగమే నిజం. ఫ్లోరోసిస్ తీవ్రమైతే ఎనామిల్ గుంటలు పడి పెచ్చులూడుతుంది. అలాంటి పన్ను పుచ్చడానికి ఇంకా అనువు.

ట్యూబులో ఎంత, బిందెలో ఎంత

1000 పీపీఎం అన్న అంకె చూసి మా బావగారు ఉలిక్కిపడ్డాడు. తాగే నీటికి భారత ప్రమాణాల సంస్థ పెట్టిన పరిమితి లీటరుకు 1 మిల్లీగ్రాము. మరో ఆధారం లేనిచోట 1.5 దాకా పర్వాలేదంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ గీసిన గీత కూడా 1.5 మిల్లీగ్రాములే. నీళ్ళలో లీటరుకు మిల్లీగ్రాము అంటే 1 పీపీఎం. "మరి పేస్టులో వెయ్యి రెట్లుందిగా?" అన్నాడు. గాఢత ప్రకారం అది నిజమే. లోపలికి వెళ్ళే మొత్తం లెక్కే వేరు.

1000 పీపీఎం పేస్టులో గ్రాముకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్ ఉంటుంది. ప్రకటనల్లో చూపించినట్టు బ్రష్షు పొడవునా పేస్టు వేస్తే సుమారు ఒక గ్రాము. రెండు పూటలా తోమితే నోట్లోకి వెళ్ళేది 2 మిల్లీగ్రాములు. అందులో ఎక్కువ భాగం ఉమ్మేస్తాం. పదో వంతు మింగామనుకున్నా 0.2 మిల్లీగ్రాము. ఇక బిందె దగ్గరికి వద్దాం. ఎండాకాలంలో రోజుకు నాలుగు లీటర్లు తాగే మనిషికి, లీటరుకు 4 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్ళయితే 16 మిల్లీగ్రాములు లోపలికి వెళతాయి. వండిన అన్నం, కూర, తాగిన టీ ఇందులో కలపలేదు. అన్ని దారుల్లో కలిపి రోజుకు సుమారు 6 మిల్లీగ్రాములు దాటితే ఎముకలకు ముప్పు పెరుగుతుందనీ, 14 దగ్గర ఆ ముప్పు స్పష్టంగా కనిపిస్తోందనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. దీనికి ఆధారాలు భారత్, చైనాల నుంచే వచ్చాయి.

ఉమ్మడం వచ్చినవాళ్ళకు మాత్రమే ఈ లెక్క వర్తిస్తుంది. మూడు నాలుగేళ్ళ పిల్లలు పేస్టు తియ్యగా ఉందని మింగేస్తారు, వాళ్ళ శాశ్వత పళ్ళేమో లోపల ఇంకా తయారవుతూ ఉంటాయి. అందుకే మూడేళ్ళలోపు వాళ్ళకు బియ్యపు గింజంత, ఆరేళ్ళలోపు వాళ్ళకు బఠాణీ గింజంత అని వైద్య సంఘాలు కొలత పెట్టాయి. మా బావగారి భయం వృథా అని నేను అనను. అది పెద్దమ్మాయి దగ్గర కాదు, ఐదేళ్ళ చిన్నవాడి దగ్గర ఉండాల్సిన భయం.

అమెరికాలో ఆగింది ఏమిటి

అమెరికాలో 1945 నుంచి చాలా ఊళ్ళ కుళాయి నీళ్ళలో కొద్దిగా ఫ్లోరైడ్ కలుపుతున్నారు. మిషిగన్‌లోని గ్రాండ్ ర్యాపిడ్స్ నగరంతో ఇది మొదలైంది. ప్రస్తుతం అక్కడ సిఫారసు చేసే మోతాదు లీటరుకు 0.7 మిల్లీగ్రాము. 2025లో యూటా, ఫ్లోరిడా రాష్ట్రాలు ఇలా కలపడాన్ని ఆపుతూ చట్టాలు చేశాయి. ఫ్లోరైడ్ పేస్టును అవి నిషేధించలేదు. మనదేశంలో కుళాయి నీళ్ళకు ఫ్లోరైడ్ కలిపే పథకమే లేదు. మన తిప్పలన్నీ ఉన్నదాన్ని తీయడానికే.

కలపొద్దనేవాళ్ళ వాదనలో బలం లేకపోలేదు. 2024 ఆగస్టులో అమెరికా ప్రభుత్వ సంస్థ నేషనల్ టాక్సికాలజీ ప్రోగ్రామ్ ఒక నివేదిక వెలువరించింది. నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన చోట్ల పిల్లల ఐక్యూ తక్కువగా ఉండటంతో దానికి సంబంధం కనిపిస్తోందని, ఆ మాట మీద ఒక మోస్తరు నమ్మకం ఉందని చెప్పింది. 0.7 గురించి తేల్చడానికి ఆధారాలు చాలవంది. నీళ్ళలో కలిపితే తాగేవాళ్ళకు వద్దనుకునే వీలుండదన్నది మరో అభ్యంతరం. పేస్టు అందరికీ అందుబాటులోకి వచ్చాక నీళ్ళలో కలపడం వల్ల ఒరిగే అదనపు మేలు మునుపటి కంటే తగ్గిందని వైద్య పరిశోధనలన్నిటినీ కలిపి తూచే కాక్రేన్ సంస్థ 2024 సమీక్ష కూడా చెప్పింది.

కలపాలనేవాళ్ళు కెనడాలోని కాల్గరీని చూపిస్తారు. ఆ నగరం 2011లో కలపడం ఆపేసింది, పిల్లల పళ్ళు పుచ్చడం పెరిగిందన్న చర్చ తర్వాత 2021లో ప్రజల ఓటుతో మళ్ళీ మొదలుపెట్టాలని నిర్ణయించింది. పేస్టు కొనుక్కోలేని, డాక్టరు దగ్గరికి వెళ్ళలేని ఇళ్ళ పిల్లలకు కుళాయి ఒక్కటే దిక్కని వాళ్ళ మాట.

గమనించాల్సిందేమిటంటే, రెండు పక్షాలూ కొట్లాడుకుంటున్నది మింగే ఫ్లోరైడ్ గురించి. ఐక్యూ నివేదిక చదివి ఎవరైనా కంగారు పడాలంటే అది 1.5 దాటిన బోరు నీళ్ళు తాగుతున్న పల్లెల గురించి పడాలి. పేస్టు గురించి కాదు.

వేపపుల్ల, ఉప్పు, బొగ్గు, కొత్త పేస్టులు

వేపపుల్లను తీసిపారేసే అవసరం లేదు. చివర నమిలి కుంచెలా చేసి ఓపిగ్గా తోమితే పాచి పోతుంది. దవడ పళ్ళ వెనక భాగానికి అది సరిగా చేరదు, ఫ్లోరైడ్ అందులో ఉండదు. బొగ్గుపొడి, ఉప్పు మురికిని గీకేస్తాయి, గట్టిగా రుద్దితే ఎనామిల్‌నూ అరగదీస్తాయి. ఒకప్పుడు పొగాకు కలిపిన పళ్ళపొడులు కూడా ఉండేవి. పేస్టుల్లో, పళ్ళపొడుల్లో పొగాకు వాడకాన్ని 1992లో కేంద్రం నిషేధించింది.

మూలికల పేస్టుల్లో కొన్నింట్లో ఫ్లోరైడ్ ఉంటుంది, కొన్నింట్లో ఉండదు. ముందు బొమ్మ చూసి చెప్పలేం, వెనక అక్షరాలు చదవాల్సిందే. ఫ్లోరైడ్ పేస్టులో అది 1000 పీపీఎం మించకూడదని, ఎంతుందో ట్యూబు మీదా అట్టపెట్టె మీదా ముద్రించాలని మన చట్టం చెబుతుంది. గడువు తేదీ కూడా తప్పనిసరి. నిల్వలో ఫ్లోరైడ్ కొంత పనికిరాకుండా పోతుంది కాబట్టి ఆ తేదీకి అర్థం ఉంది. ఐరోపాలో ఈ పరిమితి 1500. అక్కడి బంధువులు తెచ్చిన ట్యూబు మీద అంకె పెద్దగా కనిపిస్తే కారణం ఇదే.

ఫ్లోరైడ్ బొత్తిగా వద్దనుకునేవాళ్ళకు ఇప్పుడు నానో హైడ్రాక్సీఅపటైట్ పేస్టులు వచ్చాయి. ఎనామిల్ ఏ పదార్థంతో తయారైందో దాన్నే సన్నటి పొడి చేసి వీటిలో కలుపుతారు. జపాన్‌లో దశాబ్దాలుగా వాడుతున్నారు. ఫ్లోరైడ్‌కు ఇది తీసిపోదని కొన్ని పరీక్షల్లో తేలింది. అయితే ఫ్లోరైడ్ వెనక ఎన్నో దశాబ్దాల పరీక్షలున్నాయి, దీని వెనక అన్ని లేవు. ధర కూడా బాగా ఎక్కువ. అంత పెట్టి కొని రాత్రి తోముకోకుండా పడుకుంటే ఏ పేస్టయినా ఒకటే.

ఈ లెక్కలన్నీ కాగితం మీద వేసి మా బావగారికి చూపించాను. ఆయన చాలాసేపు పదహారు అన్న అంకె దగ్గరే ఆగిపోయాడు. మర్నాడు ఉదయం బాత్రూములోకి వెళ్ళి చూస్తే ఫ్లోరైడ్ ట్యూబు కిటికీ పై అరలో, చిన్నవాడి చేతికి అందనంత ఎత్తులో ఉంది. మధ్యాహ్నం ఊరి నుంచి వాళ్ళ అన్నయ్య ఫోను చేశాడు. పొలం దగ్గర కూలీలు ఇప్పటికీ ఆ బోరు నీళ్ళే తాగుతున్నారా అని బావగారు అడిగాడు. అవునన్నాడాయన. ఒక సీసా నిండా ఆ నీళ్ళు పట్టి పంపించమని, పరీక్ష చేయిస్తానని చెప్పి ఫోను పెట్టేశాడు.